మోగని పెట్టె

కార్తీక శుద్ధ విదియ

ఇవాళ్టి నుంచి కావలి మేడ దినచర్య నేను రాయాలి. ఇన్నాళ్ళూ నా భర్త దాలయ్య రాసేవాడు. భాద్రపదంలో లేచిన గాలికి జాలరి ముత్యాలుతో, అతని పడవతో పాటు దాలయ్యా పోయాడు. ఆ తరవాత ఎవరూ రాయలేదు.

గాలి ఈశాన్యం నుంచి, తేలిక. పొద్దున్నే సౌర పలకల మీద పేరుకున్న ఉప్పు కడిగాను. వాన తొట్టెలో నీళ్ళు అడుగంటాయి కాబట్టి తడిగుడ్డతో తుడవడమే కడగడం. మేడ మీద నిలబడితే కింద నీట మునిగిన పాత ఊరు కనిపిస్తుంది. పోటు తగ్గినప్పుడు సినిమా హాలు కప్పు, సెల్ టవరు కొన నీళ్ళలోంచి బయటికి వస్తాయి. పడవలు ఆ టవరును ఎడమచేతికి వదిలి లోతుకి వెళతాయి.

మధ్యాహ్నం జోగినాయుడు గారు వచ్చారు. ఈ మేడకి పెద్ద ఆయనే. కుర్చీలో కూర్చోకుండా నిలబడే మాట్లాడారు. అది దాలయ్య కుర్చీ.

"అమ్మా వరాలూ, పున్నమికి రేవు పెద్దలు కూర్చుంటారు. ఈలోగా ఆ రోజు ఏటయ్యిందో తేలితే సరే. తేలకపోతే ప్రోగ్రామ్‌లో ఉన్న ఆ పాత లైబ్రరీ పీకెయ్యమంటారు."

"పీకేసి ఏం పెడతారు?"

"గాలిగిన్నెలున్నాయి కదా మేడ మీద. గాలి పెరిగితే అవి జోరుగా తిరిగి చెబుతాయి."

"గాలి మేడ దాకా వచ్చేసరికి పడవలు ఎక్కడుంటాయి నాయుడు గారూ?"

ఆయన కిటికీలోంచి సముద్రం చూస్తూ, "నీకు కష్టమైన పనే. మరెవరికీ రాదు" అన్నారు.

నా తరవాత ఈ మేడకి ఎవరు వస్తారో తెలియదు. వాళ్ళకోసం రాస్తున్నాను. మన హెచ్చరిక ప్రోగ్రామ్ రెండు కంప్యూటర్ భాషల్లో ఉంది. పైనున్నది దాలయ్య కొత్త భాషలో రాసింది. దాని కింద ఉన్నది పాత లైబ్రరీ. ఊరు మునగక ముందు వాతావరణం వాళ్ళు సి భాషలో రాశారు. గాలి ఒత్తిడి, తేమ, కెరటం ఎత్తు అందిస్తూ ఉంటే, పెద్దగాలి లేవబోయే సంగతి అది చాలా ముందుగా పసిగడుతుంది. వాళ్ళు రాసుకున్న మూలం ఊరితో పాటు నీళ్ళలోకి పోయింది. యంత్రానికి మాత్రమే అర్థమయ్యే ముద్ద మనకు మిగిలింది. దాన్ని చదవలేం, పిలవగలం. మన ప్రోగ్రామ్ మొదలవగానే పెట్టెలు మోగించే పని చేసే ఒక ఫంక్షన్ చిరునామా దానికి ఇస్తుంది. గాలి సూచన కనబడితే ఇక్కడికి పిలువు అని. ఆ పిలుపు అందగానే పడవల్లో ఉన్న పెట్టెలన్నీ మోగాలి.

ఆ రోజు ఏ పెట్టే మోగలేదు. మధ్యాహ్నం ప్రోగ్రామ్ ఉన్నట్టుండి చచ్చిపోయింది. కాపలా స్విచ్చు వెంటనే దాన్ని మళ్ళీ లేపింది కాబట్టి మేడలో ఉన్నవాళ్ళకి తెలియలేదు. కొత్తగా లేచిన లైబ్రరీకి అంతకుముందు కొలతలేవీ గుర్తుండవు. మళ్ళీ కూడబెట్టుకుని తేల్చుకునే లోపే గాలి వచ్చేసింది. మిగిలిన ఆధారం ఒకే వాక్యం: లైబ్రరీ లోపల ఉండగా, తనది కాని మెమరీని తాకి ఆగిపోయింది.

లైబ్రరీ లోపల. ఆ రెండు మాటలే రేవంతా పాకాయి.

కార్తీక శుద్ధ పంచమి

గాలి పడిపోయింది. ఉక్క.

నీళ్ళ వంతుకి అత్తతో కలిసి వెళ్ళాను. వరసలో ఎవరో దాలయ్య మాట ఎత్తారు. అత్త బిందె కింద పెట్టి, "నా కొడుకు పనిలో వంక లేదు. ఆ ముసలిదేదో ఉన్నాదట కదా లోపల, పాత కాలంది, అదే మోసం సేసింది" అంది. అందరూ తల ఊపారు. ఆవిడ రోజూ ఎవరితోనో ఒకరితో ఈ మాట అంటుంది. అన్నాక కాస్త నిటారుగా నడుస్తుంది.

గౌరమ్మ వరస చివర ఉంది. ముత్యాలు పెళ్ళాం. తల ఊపలేదు. బిందె నింపుకుని మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది.

ఆవిడ తమ్ముడు కొండయ్య పడవ ఆ రోజు వెనక్కి వచ్చింది. ఆకాశం రంగు చూసి వాడు వల కోసేసి వచ్చేశాడు. వస్తూ ముత్యాలు పడవకి దగ్గరగా పోయి, పదండి అని కేకేశాడట. దాలయ్య పెట్టె పైకెత్తి చూపించి చెయ్యి ఊపాడట. మోగలేదు కదా అని. ఆ పూట అతను కొత్త పెట్టెకి పిలుపు ఎంత దూరం అందుతుందో చూడ్డానికే పడవెక్కాడు. కొండయ్య ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు. మళ్ళీ నా ఎదట పడటం లేదు.

పని సంగతి. ముందు లైబ్రరీని ఒంటరిగా పరీక్షించాను. దాలయ్య ప్రోగ్రామ్‌ని పక్కన పెట్టి, సి భాషలోనే ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి, దానితో లైబ్రరీని పిలిపించాను. దొంగ కొలతలు పోశాను, పెద్ద గాలులు, చిన్న గాలులు, అసలు ఉండని గాలులు. ఎక్కడా తడబడలేదు. పిలవాల్సిన చోట పిలిచింది, ఊరుకోవాల్సిన చోట ఊరుకుంది.

జోగినాయుడు గారికి చెప్పాను.

"అయితే దాని తప్పు లేదంటావా?"

"దాని భాషలో దానితో మాట్లాడితే తప్పు లేదు."

"మరి?"

"మన భాషలో మాట్లాడితే ఏమవుతుందో చూడాలి."

కార్తీక శుద్ధ సప్తమి

ఇవాళ దాలయ్య ప్రోగ్రామ్‌తోనే పరీక్ష. దొంగ కొలతలు వద్దనుకున్నాను. ఆ రోజు కొలతలు మేడలో ఉన్నాయి. వాటినే వరసగా పోశాను.

తెరమీద ఒత్తిడి దిగుతూ ఉంటే ఆ రోజు మళ్ళీ గడిచింది. ఈ కొలత దగ్గర అతను చద్దన్నం తిని లేచాడు. ఈ కొలత దగ్గర పెట్టె చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. ఇక్కడ పడవ టవరు దాటి ఉంటుంది. ఒత్తిడి ఇంకా దిగింది. ఇక్కడ వల వేసి ఉంటారు. అప్పుడు, నేను అనుకున్నదానికంటే చాలా ముందే, బల్ల మీద పెట్టుకున్న పరీక్ష పెట్టె మోగింది.

అది మోగకుండా ఉండడమే నాకు కావాలి. మోగకపోతే తప్పు దొరికేది. మోగింది. అరగంట పాటు నేనేమీ చెయ్యలేకపోయాను. ఎండ అంత బాగా ఉన్న వేళ. గాలి లేవడానికి అంత ముందు. వల లాక్కుని, వంట చేసుకుని తిని కూడా ఒడ్డుకి వచ్చేసేవాళ్ళు.

అవే కొలతలు, అదే ప్రోగ్రామ్, అదే లైబ్రరీ. ఇప్పుడు మోగింది, అప్పుడు చచ్చింది. తేడా ఏమిటి?

సాయంత్రం టీ తాగుతూ జోగినాయుడు గారిని అడిగాను, అప్పటికీ ఇప్పటికీ మేడలో మారిందేమైనా ఉందా అని.

"ఏటీ మారలేదమ్మా. ప్రోగ్రామ్ రోజూ సాయంత్రం ఆపి మళ్ళీ మొదలెట్టేవోళ్ళం. శ్రావణంలో అది మానిపించాను. ఆపిన కాసేపూ కాపలా ఉండదు కదా, ఆ కాసేపట్లో ఏదైనా వస్తేనో అని."

"శ్రావణం నుంచి భాద్రపదం దాకా ఆపకుండా నడిచిందా?"

"నడిచింది. బాగానే నడిచింది" అని, గ్లాసు కింద పెట్టి నా ముఖం చూశారు. "ఎందుకు?"

ఎందుకో నాకూ ఇంకా తెలియదన్నాను. నిజమే చెప్పాను. నా పరీక్షలో ప్రోగ్రామ్ వయసు ఒక్క పూట. ఆ రోజు దాని వయసు నెల పైన.

కార్తీక శుద్ధ నవమి

ఈశాన్య గాలి, కాస్త బలంగా. కొండయ్య పడవలోని పెట్టెకి బ్యాటరీ మార్చి పంపాను. పరీక్షకి వేరే యంత్రం పెట్టుకున్నాను, కాపలా ఆగదు.

ప్రోగ్రామ్‌ని నడుస్తుండగానే ఆపి లోపల చూపించే డీబగ్గర్ తగిలించడం అనుకున్నంత తేలిక కాలేదు. డీబగ్గర్‌కి కనిపించేది దాలయ్య రాసిన ప్రోగ్రామ్ కాదు, దాన్ని చదివి నడిపించే కొత్త భాష యంత్రాంగం. లైబ్రరీ అందులోకి తరవాతెప్పుడో వస్తుంది. అది రాకముందే, వచ్చాక ఇక్కడ ఆగు అని చెప్పి ఉంచాలి. ఇంకా కడుపులో ఉన్న బిడ్డకి సంబంధం మాట్లాడినట్టు ఉంటుంది. డీబగ్గర్ ఆ పేరుగలవాళ్ళెవరూ లేరే అంటుంది. వస్తారు, ఉండు అనాలి.

మెమరీ బాగా తక్కువ ఇచ్చి, ప్రోగ్రామ్‌కి తొందరగా వయసు మీద పడేట్టు చేశాను. నెల రోజుల పని ఒక్క పూటలో. ఆ తరవాత భాద్రపదం కొలతలు పోశాను.

చచ్చింది. సరిగ్గా పెట్టె మోగాల్సిన చోట.

ఈసారి డీబగ్గర్ పట్టుకుని ఉంది కాబట్టి ఎవరు ఎవరిని పిలిచారో వరస మొత్తం దొరికింది. మొదట కొత్త భాష యంత్రాంగం, అది పిలిచిన లైబ్రరీ, లైబ్రరీ పిలిచిన ఒక ఉత్త చిరునామా. అక్కడ ఏ ఫంక్షనూ లేదు, బీడు. లైబ్రరీ అక్కడికి ఎందుకు వెళ్ళిందా అని మొదటి నుంచి చూసుకుంటూ వచ్చాను. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు మనం ఇచ్చిన చిరునామా, ఇదీ ఒకటే. అంకె అంకె సరిపోయింది.

అంటే లైబ్రరీ తప్పిపోలేదు. మనం రమ్మన్న చోటికే, సరైన వేళకే వచ్చింది. వచ్చేసరికి మనం అక్కడ లేము.

ఎవరు తీశారు? డీబగ్గర్‌లో ఇంకో సౌకర్యం ఉంది. మెమరీలో ఒక చోటు చూపించి, ఇక్కడ ఎవరు చెయ్యి వేసినా అక్కడికక్కడ ఆపు అని చెప్పొచ్చు. ఆ చిరునామా మీద అలా కాపలా పెట్టి, ప్రోగ్రామ్ మళ్ళీ మొదలుపెట్టి ఇంటికి వెళ్ళాను. ఈ కాపలా వల్ల అంతా నత్తనడక. రేపూ ఎల్లుండీ పట్టొచ్చు.

కార్తీక శుద్ధ ఏకాదశి

పొద్దున పలకలు తుడిచి దిగేసరికి తెర మీద అన్నీ నిలిచిపోయి ఉన్నాయి. కాపలా పట్టుకుంది.

కొత్త భాషలో సుఖం ఏమిటంటే, వాడిన మెమరీని మనం శుభ్రం చెయ్యక్కర్లేదు. ఊడ్చే మనిషి ఒకరు యంత్రాంగంలోనే ఉంటారు. అప్పుడప్పుడూ తిరిగి, ఎవరూ పట్టుకుని లేని వస్తువులన్నీ ఊడ్చేస్తారు. సి భాషలో ఆ మనిషి లేరు. తీసినవాడే సర్దుకోవాలి. ఆ చిరునామా మీద చెయ్యి వేసింది ఆ ఊడ్చే మనిషే.

లైబ్రరీ ఆ ఫంక్షన్‌ని పట్టుకునే ఉంది. కానీ ఊడ్చే మనిషికి లైబ్రరీ వైపు చూపు లేదు. అది వేరే భాష ఇల్లు. తన ఇంట్లో చూసింది. ఈ ఫంక్షన్ ఎవరిదని వెతికింది. ఇంట్లో ఎవరూ నాది అనలేదు. ఊడ్చేసింది. ప్రోగ్రామ్‌ని రోజూ ఆపి మొదలుపెట్టినన్నాళ్ళూ చీపురు అక్కడిదాకా రాకముందే సాయంత్రం అయ్యేది.

దాలయ్య రాసిన చోటు తెరిచాను. ఒకే వాక్యంలో ఫంక్షన్‌ని తయారుచేసి, అదే వాక్యంలో లైబ్రరీ చేతిలో పెట్టాడు. దానికి మన వైపు ఒక పేరు పెట్టి ఉంచుకోలేదు. పేరు పెట్టి ఉంటే ఊడ్చే మనిషి ముట్టుకునేది కాదు. ఒక్క పేరు.

ఆ వాక్యం రాసిన రోజు నాకు తెలుసు. నేను పక్కనే కూర్చుని పెట్టెలకి తీగలు అతుకుతున్నాను. పరీక్ష పెట్టె మోగితే దాలయ్య కుర్చీలోంచి లేచి, "మోగిందే వరాలూ, ముసలిది పలికింది" అన్నాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మకి కూడా మోగించి చూపించాడు. ఆవిడ భయపడి పెట్టె మీద గిన్నె బోర్లించింది. ముగ్గురం నవ్వుకున్నాం.

ఒక పేరు పెట్టాను. పిలుపు అని. అంతకంటే ఏమీ తోచలేదు. భాద్రపదం కొలతలు మళ్ళీ పోశాను, ఊడ్చే మనిషిని బలవంతంగా పదే పదే తిప్పాను. పెట్టె మోగింది. ఎన్నిసార్లు పోస్తే అన్నిసార్లు మోగింది. చివరికి నేనే దాని తీగ లాగేశాను.

కార్తీక శుద్ధ ద్వాదశి

జోగినాయుడు గారికి అంతా చూపించాను. చదివి చదివి కళ్ళజోడు తీసేశారు.

"సరి చేసేసావు కదా."

"చేశాను."

"అయితే సరయ్యిందని చెప్దాం. ఎవరిదీ అని ఎందుకు? పోయినోడి మీద రాసి ఏటి లాభం? ముసలామె ఉన్నాది ఇంట్లో."

నాకూ ఆ మాటే కావాలి. అందుకే వెంటనే సరేనన్నాను. మెట్ల దాకా వెళ్ళి ఆగిపోయాను.

"లోపల ఏదో పాడైంది, బాగుచేశాం అంటే పెద్దలు ఊరుకుంటారా?" అని అడిగాను. "ఒకసారి పాడైంది మళ్ళీ పాడవదా అంటారు. లైబ్రరీ పీకేసి గాలిగిన్నెలు పెట్టమంటారు."

ఆయన కళ్ళజోడు తుడుస్తుంటే నేనే మళ్ళీ అన్నాను.

"అది తప్పు చెయ్యలేదని చెప్పాలంటే, తప్పు ఎక్కడో చూపించాలి కదా."

"చూపించగలవా?" అన్నారు. మెల్లగానే అన్నారు.

ముందు అత్తకి చెప్పాలనుకున్నాను. బజార్లో వినకూడదు ఆవిడ. ఇంటికెళ్ళేసరికి వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. పక్కన కూర్చుని నేనూ తిరగేస్తూ చెప్పాను. భాషలూ మెమరీ అంటే ఆవిడకి ఏం తెలుస్తుంది. ఇలా చెప్పాను: "రేవులో ఒక దీపం పెట్టించాం అత్తా. లోతులో ఉన్నవాళ్ళు దాన్ని చూసుకుని వస్తారు. ఒడ్డున తుడిచే మనిషి వచ్చి, ఇది ఎవరిదీ అని అడిగింది. ఒడ్డున ఎవరూ మాది అనలేదు. తీసేసింది. మాది అని ఒక పేరు రాసి తగిలించి ఉంటే తీసేది కాదు."

"ఎవుడు రాయాల అది?"

నేను చేప తిరగేశాను.

"ఎవుడు రాయాలే?"

"దాలయ్య."

ఆవిడ చేతులు ఆగలేదు. వరస మొత్తం తిరగేసింది. తరవాత లేచి చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నువ్వు పక్కనే ఉన్నావు కదే అప్పుడు. నీకు తెలీదా?"

"తెలీదు అత్తా. నాకూ తెలీదు."

"పున్నమికి అందరి ముందరా సెప్తావా?"

"చెప్పకపోతే ఆ లైబ్రరీ తీసేస్తారు. పడవలకి..."

"సెప్తావా సెప్పవా?"

"చెప్తాను."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి కంచంలో అన్నం పెట్టి గుమ్మం దగ్గర ఉంచింది, నా చేతికి ఇవ్వలేదు.

కార్తీక పౌర్ణమి

పోటు ఎక్కువ. పెద్దలు వల మరమ్మతు పాకలో కూర్చున్నారు. రేవు దాదాపు అంతా వచ్చింది. అత్త వచ్చి వెనక స్తంభానికి ఆనుకుని కూర్చుంది. రాదనుకున్నాను.

చెప్పాను. దీపం మాట మళ్ళీ చెప్పాను. లైబ్రరీ ఆ మధ్యాహ్నం సరైన వేళకే పిలిచిందని, అందుకోవాల్సిన మన ఫంక్షన్ అప్పటికే ఊడ్చుకుపోయిందని, ఆ వాక్యం రాసింది నా భర్త అని చెప్పాను. ఎదురుగా వేలాడుతున్న వల చూస్తూ మాట్లాడాను.

జోగినాయుడు గారు లేచారు. ఆయన మాట్లాడతారని నాకు చెప్పలేదు.

"రోజూ ఆపి మొదలెట్టేది మానిపించింది నేను. మంచికే అనుకున్నాను. అది మానకపోతే ఆ పేరు లేకపోయినా నడిచిపోయేది. దాలయ్య పేరు ఒక్కటే రాయొద్దు. నాదీ రాయండి" అని కూర్చున్నారు.

అప్పుడు గౌరమ్మ ముందుకొచ్చింది. నా వైపు రాలేదు, పెద్దల వైపూ పోలేదు. మధ్యలో నిలబడింది.

"నా తమ్ముడు కేకేసినాడు. దాలయ్య పెట్టె సూపించినాడు. మావోడు దాలయ్యని నమ్మి ఉండిపోనాడు" అంది. "దాలయ్య మంచోడే. మా ఇంట్లో తిన్నాడు. కానీ నాకు కోపం లేదని సెప్పలేను. ఉన్నాది. ఎప్పుడు పోద్దో తెలీదు."

వెనక అత్త తల వంచుకుని ఉంది.

"వరాలూ, ఇప్పుడు మోగుద్దా అది?"

"మోగుతుంది."

"నీ మొగుడూ అలగే అన్నాడు."

"నేను చేతులారా నెల వయసు తెప్పించి చూశాను వదినా. ఊడ్చే మనిషిని వెయ్యిసార్లు తిప్పాను. మోగింది. ఇంతకంటే నాకు తెలిసింది లేదు" అన్నాను.

ఆవిడ కొండయ్య వైపు తిరిగింది. "నీ పడవ, నీ ఇష్టం."

కొండయ్య నేల చూశాడు. "ఉండనీండి ఆ ముసలిదాన్ని" అన్నాడు. "అది పిలిసింది కదా. మనమే లేము." తరవాత నా వైపు చూశాడు. భాద్రపదం నుంచి ఇదే మొదలు. "ఆకాశం కూడా సూసుకుంటాను."

పెద్దలు లైబ్రరీ ఉంచమన్నారు. అత్త నాకంటే ముందే ఇంటికి వెళ్ళిపోయింది.

కార్తీక బహుళ తదియ

పొద్దున్న ఆకాశం నిర్మలం. పడవలన్నీ లోతుకి వెళ్ళాయి. ఎవరికీ ఏ అనుమానమూ లేదు, నాకు కూడా.

ఎండ నడినెత్తికి రాకముందే మేడలో పెట్టె మోగింది.

మొదట ఎవరో పరీక్షిస్తున్నారనుకున్నాను. తెర చూస్తే లైబ్రరీ పిలిచింది, పిలుపు అందుకుంది, పెట్టెలన్నిటికీ కబురు పోయింది. ఒక్కొక్క పడవ నుంచీ జవాబు వస్తోంది. జవాబంటే పడవలో మీట నొక్కడం. ఇక్కడ ఆ పడవ పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పడుతుంది. జోగినాయుడు గారూ నేనూ నిలబడి చుక్కలు పడడం చూశాం. ఆయన పెదవులు కదులుతున్నాయి, పేర్లు చదువుకుంటున్నారు.

రేవులోకి పరుగెత్తాను. ఎండ కాస్తూనే ఉంది. ఆడవాళ్ళు పనులు వదిలి వచ్చి నిలబడ్డారు. గాలి లేదు, కెరటం లేదు. ఉత్తినే మోగిందా అని ఒకరిద్దరు అన్నారు. అప్పుడు తూర్పున, నీటి అంచు మీద సన్నగా ఒక మసి గీత కనబడింది.

పడవలు టవరు పక్క నుంచి ఒక్కొక్కటే వచ్చాయి. వల సగం లాగినవాళ్ళు, కోసేసి వచ్చినవాళ్ళు. అందరూ కలిసి తాళ్ళు లాగాం. గౌరమ్మకి నీళ్ళ మీద ఎవరూ లేరు, తమ్ముడు తప్ప. కొండయ్య దిగాక కూడా ఆవిడ వెళ్ళలేదు. ఆఖరి పడవ మెరక ఎక్కేదాకా తాడు పట్టుకునే ఉంది. తాడు ఇంకో కొన అత్త చేతిలో ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. తాడు మాత్రం కలిసి లాగారు.

గాలి సాయంత్రానికి వచ్చింది. కిందటిసారి కంటే పెద్దది.

కార్తీక బహుళ చవితి

గాలి తెల్లవారాక తగ్గింది. రేవులో రెండు పాకల కప్పులు పోయాయి. మనుషులకి ఏమీ కాలేదు.

కానీ హెచ్చరిక ముగియలేదు. ప్రోగ్రామ్ ఇంకా పిలుస్తూనే ఉంది. ప్రతి పెట్టె నుంచీ జవాబు వచ్చేదాకా అది ఆగదు, దాలయ్య అలా రాశాడు. తెర మీద చుక్కలన్నీ పచ్చగా ఉన్నాయి. ఒక్క పేరు పక్కన లేదు. ముత్యాలు పడవ. దాలయ్య ఆ రోజు తీసుకెళ్ళిన కొత్త పెట్టె.

భాద్రపదం తరవాత పెట్టెలు మోగడం ఇదే మొదలు కాబట్టి, పట్టికలోంచి ఆ పేరు తీయాలని ఎవరికీ తట్టలేదు. నిన్నటి నుంచి, రాత్రంతా ఆ గాలిలో, ప్రోగ్రామ్ వాళ్ళని రమ్మని పిలుస్తూనే ఉంది.

"తియ్యాలమ్మా" అన్నారు జోగినాయుడు గారు. "తీస్తే గానీ హెచ్చరిక మూతపడదు. మూతపడితే గానీ ఇంకో హెచ్చరిక పోదు."

తెలుసు. మీట మీద వేలు పెట్టాను, నొక్కలేకపోయాను. అది నేనొక్కదాన్నే తీసే పేరు కాదు. కిందికి కబురు పంపాను.

గౌరమ్మ వచ్చింది. ఆవిడ వెనకే అత్త మెట్లెక్కి వచ్చింది. మేడలోకి రావడం ఆవిడకి ఇదే మొదటిసారి. అంతా చెప్పాను. ఇద్దరూ తెర ముందు నిలబడ్డారు. కాసేపటికోసారి ఆ పేరు వెలుగుతోంది, ఆరుతోంది. వెలిగినప్పుడల్లా ఒక పిలుపు పోయినట్టు.

"ఇది అక్కడిదాకా పోద్దా?" అంది అత్త.

"పోతుంది. పెట్టె ఉంటే."

"నీళ్ళ అడుక్కి?"

"నీళ్ళ అడుక్కి పోదు అత్తా."

ఆవిడ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గౌరమ్మ ఆ పేరు వెలగడం ఆరడం చాలాసేపు చూసింది. చివరికి అత్త మోచెయ్యి పట్టుకుని, "తీసెయ్ వరాలూ" అంది. "ఆళ్ళు రారు. మిగతావోళ్ళకి మోగాల కదా."

అత్త ఏమంటుందోనని చూశాను. తల ఊపింది.

తీసేశాను. తెర మీద హెచ్చరిక ముగిసింది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని మెట్లు దిగారు.

హెచ్చరిక ముగిశాక దినచర్యలో ఒక వాక్యం రాయాలని మేడ నియమం. రాస్తున్నాను: పడవలన్నీ ఒడ్డుకి చేరాయి.